సంతకం ఆడిటరుది, తాళంచెవి మీది

ఆడిటర్‌ను ఎంచుకోవడం, కాగితాలు అప్పగించడం, ఫీజు, మార్పు. వీటి మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈ సంచికలో తీసుకున్నాం. ఒకే సమస్య మీద వచ్చినవాటిని కలిపి ఒక ప్రశ్నగా రాశాం.

ప్రశ్న: నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాది బియ్యం టోకు వ్యాపారం. మా నాన్న హయాం నుంచి ఒకాయన లెక్కలు చూస్తున్నారు. ఆడిటర్ గారనే పిలుస్తాం. ఈ ఏడు అమ్మకాలు కోటి దాటాయి. "ఆడిట్ సంతకం వేరేవాళ్లతో పెట్టిస్తాలే" అంటున్నారు. అంటే ఆయన ఆడిటర్ కాదా? సీఏను ఎలా వెతుక్కోవాలి?

జవాబు: మన ఊళ్లలో రిటర్న్ వేసే ప్రతివారూ ఆడిటర్ గారే. చట్టం దృష్టిలో మాత్రం చార్టర్డ్ అకౌంటెంట్ వేరు, ట్యాక్స్ కన్సల్టెంట్ వేరు, జీఎస్టీ ప్రాక్టీషనర్ వేరు. నెలవారీ జీఎస్టీ రిటర్నులు, మామూలు ఆదాయపు పన్ను రిటర్నులు కన్సల్టెంట్ కూడా వేయొచ్చు. నమ్మకంగా, శ్రద్ధగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే అధికారం మాత్రం ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉన్న సీఏకు తప్ప ఇంకెవరికీ లేదు.

"వేరేవాళ్లతో పెట్టిస్తా" అన్న మాట దగ్గర ఆగండి. ఆ వేరేవాళ్లు ఎవరు? మీ పద్దులు చూశారా? ట్యాక్స్ ఆడిట్‌లో నింపే 3సీడీ ఫారంలో నలభైకి పైగా అంశాలుంటాయి: 20 వేలు, ఆపైన నగదు అప్పులు, పదివేలు దాటిన నగదు చెల్లింపులు, డబ్బిచ్చేటప్పుడే కోయాల్సిన పన్ను (టీడీఎస్) కోశారా లేదా, ఇలాంటివన్నీ. మీ చిట్టా, ఆవర్జా తెరవకుండా సంతకం పెట్టినవాళ్లు రేపు నోటీసు వస్తే ఏ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేరు. ఆ సీఏను ఒకసారి నేరుగా కలవాలని అడగండి. కలపడానికి వెనకాడితే ఆ సంతకం మీకొద్దు.

అసలు అంతకంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. కోటి దాటగానే ఆడిట్ తప్పదన్నది సగం నిజం. ఏడాది మొత్తం వసూళ్లలో నగదు 5 శాతం మించకుండా, చెల్లింపుల్లో కూడా 5 శాతం మించకుండా ఉంటే ఆ పరిమితి 10 కోట్లు. అకౌంట్ పేయీ కాని చెక్కును కూడా ఇక్కడ నగదుగానే లెక్కిస్తారు. ఇది తెలియక బేరర్ చెక్కులు రాసి పరిమితి పోగొట్టుకున్న షాపులున్నాయి. ఇక 44ఏడీ సెక్షన్ కింద అమ్మకాల్లో 6 లేదా 8 శాతాన్ని అంచనా లాభంగా చూపించే దారి మీకు గిట్టదు. బియ్యం టోకులో మిగిలేది అంతకన్నా చాలా తక్కువ. పైగా ఒకసారి ఆ దారిలోకి వెళ్లి, ఆ తర్వాత ఐదేళ్లలోపు బయటికొస్తే మళ్లీ ఐదేళ్లపాటు అందులో చోటు ఉండదు. ఈ మధ్యలో ఆదాయం పన్ను పరిమితి దాటితే ఆడిట్ కూడా మెడకు చుట్టుకుంటుంది. కాబట్టి గతంలో 44ఏడీలో వేశారా అన్నది పాత రిటర్నులు తీసి చూడండి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి ట్యాక్స్ ఆడిట్ సెక్షన్ 44ఏబీ 63 అయింది, 44ఏడీ 58లోకి వెళ్లింది. 2025-26 లెక్కలకు మాత్రం పాత చట్టమే.

ఇప్పుడు వెతకడం. ఎవరి పేరు విన్నా మొదట ఆరంకెల సభ్యత్వ నంబరు అడగండి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే పేరు, ప్రాక్టీసులో ఉన్నారా లేదా కనిపిస్తుంది. సీఏ చదివి ఉద్యోగం చేసుకుంటున్నవారికి ప్రాక్టీసు సర్టిఫికెట్ లేకపోతే ఆడిట్ సంతకం చెల్లదు. సంస్థ పేరుతో పనిచేస్తే ఫర్మ్ రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉంటుంది. దక్షిణాది సంస్థలకు అది ఎస్ అక్షరంతో ముగుస్తుంది.

తర్వాత మీ వ్యాపారం తెలిసినవారేనా అన్నది. దీనికి సర్టిఫికెట్లు చూడక్కర్లేదు, ఒక్క ప్రశ్న చాలు. మీకైతే ఇది: "25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బస్తాకు 5 శాతం జీఎస్టీ ఉంది, 26 కిలోల బస్తాకు లేదు. మేం రెండూ అమ్ముతాం. అద్దె, కరెంటు సామాను, కాటా రిపేరు మీద కట్టిన జీఎస్టీలో ఎంత వాడుకోవచ్చు, ఎంత వెనక్కి రాయాలి?" తెలిసినవారు రెండు రకాల అమ్మకాల నిష్పత్తి అడుగుతారు. "మొత్తం తీసుకోవచ్చు" అని చటుక్కున అన్నవారిని వదిలేయండి. చూసి చెబుతానన్నవారిని మాత్రం వదలొద్దు. అది మంచి గుర్తే.

సెప్టెంబరులో వెళ్లకండి. ఒక్కో సీఏ ఏడాదికి సంతకం పెట్టగల ట్యాక్స్ ఆడిట్లు 60. రిపోర్టు గడువు సెప్టెంబరు 30. వినాయక చవితి తర్వాత తలుపు తట్టినవారికి మిగిలేది గుమాస్తా చేతిలో హడావుడి పని. పాత చట్టంలో గడువు దాటితే అమ్మకాల మీద అర శాతం, గరిష్ఠంగా లక్షన్నర జరిమానా ఉంది. జూన్‌లో మాట్లాడుకుని జూలైలో పద్దులు ఇచ్చేయండి.

ప్రశ్న: కావలిలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. జీఎస్టీ పోర్టల్ ఐడీ, పాస్‌వర్డ్, ఫోన్ నంబరు, మెయిల్ అన్నీ పాత కన్సల్టెంటువే. పన్ను డబ్బు కూడా ఆయన చేతికే ఇచ్చేవాడిని. ఇప్పుడు ఆయన ఫోన్ ఎత్తడం లేదు. మా పేరున డిమాండ్ ఆర్డర్ పడిందని పక్క షాపాయన అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఈ ఉత్తరం లాంటివి చాలా వచ్చాయి. జీఎస్టీలో నోటీసు పోర్టల్లో పెడితే మీకు అందినట్టే లెక్క. ఫోను ఆయనది, మెయిలు ఆయనది. మెసేజ్ ఆయనకు వెళ్లింది, జవాబు రాలేదని ఆఫీసు ఆర్డర్ వేసింది. చట్టం ముందు పన్ను చెల్లింపుదారు మీరే.

మొదట లాగిన్ లేకుండానే తెలిసేది చూడండి. జీఎస్టీ వెబ్‌సైటు మొదటి పేజీలో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" దగ్గర మీ జీఎస్టీ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ బతికి ఉందా, రద్దయిందా, ఏ నెల రిటర్న్ ఏ తేదీన వేశారు అన్నది పట్టికగా వస్తుంది. ఎవరైనా చూడొచ్చు. నెలకోసారి, 25వ తేదీకి, ఈ పట్టిక చూసే అలవాటు ఉన్నవాడికి మీకొచ్చిన కష్టం రాదు.

తర్వాత తాళం మార్చాలి. షాపు ఏ అధికారి పరిధిలో ఉందో అదే పట్టికలో ఉంటుంది. ఆ కార్యాలయానికి యజమాని పాన్, ఆధార్, రిజిస్ట్రేషన్ కాగితం, షాపు ఆధారం తీసుకుని వెళ్లి, ఆథరైజ్డ్ సిగ్నేటరీ (సంతకం చేసే అధికారం ఉన్నవారు) ఫోను, మెయిలు మార్చమని దరఖాస్తు ఇవ్వండి. అధికారి సరిచూసుకుని కొత్త మెయిల్ ఎక్కిస్తే తాత్కాలిక పాస్‌వర్డ్ దానికే వస్తుంది. కన్సల్టెంట్ ఒప్పుకోలుతో పనిలేదు.

లోపలికి వెళ్లాక నోటీసులు రెండు చోట్ల చూడాలి: "వ్యూ నోటీసెస్ అండ్ ఆర్డర్స్" ఒకటి, "వ్యూ అడిషనల్ నోటీసెస్ అండ్ ఆర్డర్స్" ఇంకొకటి. మొదటిది ఖాళీగా ఉందని ఊపిరి పీల్చుకుని రెండోది తెరవనివారు ఎందరో. అసలు సరుకంతా సాధారణంగా ఆ రెండోదాన్లోనే ఉంటుంది.

ఆర్డర్ మీద తేదీ చూడండి. అప్పీలుకు మూడు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో నెల. ఒప్పుకోని పన్నులో 10 శాతం ముందుగా కట్టాలి. నాలుగు నెలలు దాటితే అప్పీలు అధికారి చేతిలో కూడా ఏమీ ఉండదు, హైకోర్టు మాటే. రిజిస్ట్రేషన్ రద్దయితే మళ్లీ తెరిపించుకోవడానికి ఆర్డర్ అందిన 90 రోజుల్లో దరఖాస్తు వేయాలి. కారణం చూపితే ఇంకో 180 రోజుల వరకు పెంచే వీలుంది. పెండింగ్ రిటర్నులన్నీ వేసి, పన్ను, వడ్డీ, లేటు ఫీజు కట్టాకే దరఖాస్తు తీసుకుంటారు. ఈ పని ఎవరికి అప్పగించినా తేదీలన్నీ ఒక కాగితం మీద రాయించుకోండి.

డబ్బు చేతికివ్వడం ఇకనైనా మానండి. చలానా ఎవరు తయారుచేసినా కట్టేది మీ బ్యాంకు ఖాతా నుంచే ఉండాలి. ఆదాయపు పన్ను పోర్టల్లో కూడా ఫోను ఎవరిదో ఈరోజే చూసుకోండి. అక్కడ ఆధార్ ఓటీపీతో మీరే పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. "నా సీఏ" అన్న చోట సభ్యత్వ నంబరుతో ఆయన్ను చేర్చితే ఆయన తన లాగిన్ నుంచి ఆడిట్ రిపోర్టు ఎక్కిస్తారు. మీ లాగిన్‌లో దాన్ని మీరు చదివి అంగీకరించాలి, లేదా తిప్పి పంపాలి. పాస్‌వర్డ్ ఇవ్వకుండానే పని జరిగే ఏర్పాటు ఉండగా పాస్‌వర్డ్ ఇవ్వడం దేనికి? డిజిటల్ సంతకం పెన్‌డ్రైవ్ కూడా ఆయన సొరుగులో కాదు, మీ బీరువాలో ఉండాలి.

ప్రశ్న: కోవూరు దగ్గర ఇంటినుంచే చీరలు అమ్ముతాను. ఏడాదికి 18 లక్షల దాకా వస్తుంది, అంతా ఫోన్‌పే, గూగుల్ పేలోనే. నాకు సీఏ కావాలా?

జవాబు: ఏడాది పొడవునా అక్కర్లేదమ్మా. పైన చెప్పిన 44ఏడీ దారిలో డిజిటల్‌గా వచ్చిన 18 లక్షల మీద 6 శాతం లాభమంటే 1,08,000. అసలు మిగిలింది అంతకన్నా ఎక్కువైతే ఆ ఎక్కువే చూపాలి. 6 శాతం కనీసం మాత్రమే. ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం సరిపోతుంది. జీఎస్టీకి మన రాష్ట్రంలో వస్తువులకు 40 లక్షల పరిమితి ఉంది, దాని మీద ధీమా పెట్టుకోకండి. కొరియర్‌లో చెన్నైకో హైదరాబాద్‌కో చీర పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మకం. దానికి 40 లక్షల పరిమితి వర్తించదు. కొన్ని చేతివృత్తుల సరుకులకు మినహాయింపు జాబితా ఉంది. మీ చీరలు అందులో పడతాయో లేదో ఒక గంట సలహాకు ఫీజిచ్చి సీఏ దగ్గర తేల్చుకోండి. మీకు కావాల్సింది ఆ గంటే.

ప్రశ్న: ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువుల దగ్గర రొయ్యలు కొని కంపెనీలకు వేస్తాను. రైతులు నగదే అడుగుతారు. కొత్త సీఏ "నగదు చెల్లింపులన్నీ కొట్టేస్తారు, కాగితాలు కూడా సరిగా లేవు" అంటున్నారు. నేను అన్నీ ఇచ్చాననే అనుకుంటున్నా. ఇంతకీ ఏం ఇవ్వాలి?

జవాబు: ఆయన మాటలో ఒక సగం తప్పు, ఒక సగం ఒప్పు.

ఒక మనిషికి ఒక రోజులో పదివేలు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరన్నది పాత ఆదాయపు పన్ను చట్టంలో 40ఏ(3) నియమం. దీనికి 6డీడీ అనే రూల్లో మినహాయింపులున్నాయి. చేపలు, చేప ఉత్పత్తులను పెంచినవారి దగ్గరే కొని నగదిస్తే ఆ పరిమితి వర్తించదు. రొయ్య కూడా ఇందులోకే వస్తుందని 2008లోనే ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ సర్క్యులర్ ఇచ్చింది. అదే సర్క్యులర్ మధ్యలో ఉన్న వ్యాపారికి, బ్రోకరుకు ఇచ్చిన నగదుకు మినహాయింపు లేదని కూడా చెప్పింది. మీ తగాదా అంతా ఇక్కడే: మీరు డబ్బిచ్చింది చెరువు రైతుకా, ఊళ్లో ఇంకో కొనుగోలుదారుకా? అది నిరూపించే బరువు మీదే.

దానికి కొనుగోలు చీటీ ఇలా ఉండాలి. తేదీ, రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, చెరువు ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), కిలోలు, కిలో ధర, మొత్తం, రైతు సంతకం, ఫోను. దానికి కాటా చీటీ జత. ప్రతి రైతుదీ ఏడాదికి ఒక్కసారి పాస్‌పుస్తకం నకలు గానీ కౌలు కాగితం గానీ ఆధార్‌తో కలిపి తీసి పెట్టుకుంటే చాలు. "రొయ్యల ఖాతా 4,80,000" అని ఒక్క ముక్క రాసి ఉన్న నోటుబుక్కుతో ఏ సీఏ కూడా మిమ్మల్ని కాపాడలేరు. ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో మార్చి నెలలో కూర్చుని రాసిన వంద చీటీలు అంతకన్నా ప్రమాదం. ఎదుటి అధికారి కూడా ఇలాంటివి వందల్లో చూసినవాడే.

ఇంకో చిక్కుంది. 40ఏ(3) నుంచి మినహాయింపు దొరికినా ఆడిట్ పరిమితిలో దొరకదు. ఇవి రెండూ వేర్వేరు నియమాలు. నగదు 5 శాతం దాటితే, అది రైతుకిచ్చినదైనా సరే, 10 కోట్ల పరిమితి పోయి కోటి దగ్గరే ఆడిట్ వస్తుంది. మీరు కమీషన్ మీద చేస్తుంటే 44ఏడీ అసలు వర్తించదు. సొంతంగా కొని అమ్ముతున్నారా, కంపెనీ తరఫున కమీషన్‌కు కొంటున్నారా అన్నది సీఏకు మొదటి రోజే స్పష్టంగా చెప్పండి. చాలామంది రెండూ కలిపి చేస్తారు. అలాంటప్పుడు పద్దులు రెండుగా విడదీయాలి.

ఇక ఇవ్వాల్సిన మిగతా కాగితాలు. అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు ఇవ్వాలి. సేవింగ్స్, భార్య పేరున ఉండి వ్యాపారం డబ్బు తిరిగిన ఖాతా కూడా దాచొద్దు. కంపెనీలు ఇచ్చిన సెటిల్‌మెంట్ షీట్లు కావాలి. 50 లక్షలు దాటిన కొనుగోలు మీద పెద్ద కంపెనీలు 0.1 శాతం టీడీఎస్ కోస్తాయి. ఆ అంకె ఆదాయపు పన్ను పోర్టల్లో మీ పేరున ఉండే 26ఏఎస్, ఏఐఎస్ పట్టికల్లో కనబడుతుంది. మీరు చూపిన అమ్మకం దానికన్నా తక్కువైతే నోటీసు కంప్యూటరే పంపుతుంది. ఐస్, లారీ, కూలీ ఖర్చుల బిల్లులు ఇవ్వండి. చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారుకో సేవలిచ్చేవారికో బాకీ ఉంటే ఆ జాబితా ఇవ్వండి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో కట్టకుండా మార్చి దాటితే ఆ ఖర్చు ఈ ఏడు ఒప్పుకోరు. ఏ అప్పు ఎవరి దగ్గర ఎలా తీసుకున్నారో చెప్పండి. 20 వేలు, ఆపైన నగదు అప్పు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

ఇవన్నీ ఏడాదికోసారి సంచిలో వేసి ఇవ్వకండి. ప్రతి నెలా 10వ తేదీలోపు ముందు నెలవి ఇచ్చి, "ఏ ఎంట్రీ అర్థం కాలేదో పంపండి" అని అడగండి. బ్యాంకులో కనబడి దేనికో తెలియని మొత్తాన్ని గుమాస్తాలు సస్పెన్స్ ఖాతాలో వేస్తారు. నెల తిరక్కముందే అడిగితే మీకు గుర్తుంటుంది. పదకొండు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. అప్పుడది మీ సొంత వాడకంగానో, లెక్కలేని ఆదాయంగానో మారుతుంది.

చెరువు రైతులకు ఒక మాట: రొయ్యల సాగు ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు. వరి, పొగాకు సాగులా పన్ను మినహాయింపు ఉందనుకుని రిటర్న్ వేయకుండా ఉండకండి.

ప్రశ్న: బ్యాంకు లోనుకు మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు కావాలన్నారు. ఒక బ్రోకరు మూడు వేలకు సీఏ సీలుతో ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. 2019 నుంచి సీఏ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీద, ఆడిట్ రిపోర్టు మీద యూడిన్ అనే 18 అక్షరాల సంఖ్య ఉండాలి. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి ఆరు ఆ సీఏ సభ్యత్వ నంబరు. సంఖ్య పుట్టించేటప్పుడు ఆయన ముఖ్యమైన అంకెలు కూడా ఎక్కిస్తారు. బ్యాంకు ఐసీఏఐ యూడిన్ పోర్టల్లో కొట్టి చూస్తే కాగితం మీద 90 లక్షలుండి అక్కడ 30 లక్షలుంటే దొరికిపోతుంది. యూడిన్ లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. దొంగ సీలైతే లోను సంగతి అటుంచి కేసు మీ మీద. మీ పాత కాగితాల మీది యూడిన్లు కూడా అదే పోర్టల్లో మీరే చూసుకోవచ్చు.

ప్రశ్న: ఒంగోలులో ఉపాధ్యాయుడిని. స్కూల్లో చాలామందికి ఒకతను రిఫండ్ తెప్పించాడు. వచ్చినదాంట్లో పది శాతం తీసుకుంటాడు. నాకూ నిరుడు 42 వేలు వచ్చింది. ఇప్పుడు భయమేస్తోంది.

జవాబు: భయం సరైనదే. రిటర్న్ కాపీ డౌన్‌లోడ్ చేసి తగ్గింపుల పేజీ చదవండి. మీరు ఎప్పుడూ ఇవ్వని రాజకీయ పార్టీ విరాళం, కట్టని ఇంటద్దె, లేని చదువు రుణం మీద వడ్డీ కనిపిస్తే రిఫండ్ దాన్నుంచే వచ్చింది. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతా 150 చోట్ల సోదాలు చేసింది సరిగ్గా ఇలాంటి ఏజెంట్ల మీదే. ఏజెంట్ కంప్యూటర్లో ఒకే విరాళం పద్ధతి వందల రిటర్నుల్లో దొరికితే ఆ జాబితాలో మీ పాన్ ఉంటుంది.

నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్న్ వేసి తప్పు తగ్గింపులు తీసేయండి. పన్ను, వడ్డీ మీద అదనంగా కట్టాల్సింది అసెస్‌మెంట్ ఏడాది ముగిశాక మొదటి 12 నెలల్లో 25 శాతం, 24 నెలల్లోపు 50, 36లోపు 60, 48లోపు 70. ఆగేకొద్దీ ఖరీదు. తనిఖీ మొదలయ్యాక ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది. తప్పుడు వివరాలిచ్చినందుకు జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం.

ఫలితం మీద శాతం లెక్కన ఫీజు తీసుకోవడం, కొన్ని ప్రత్యేక సందర్భాలు తప్ప, సీఏల నియమావళి ఒప్పుకోదు. "రిఫండ్‌లో ఇంత" అన్నవాడు సీఏ కాదని అనుకోండి, లేదా సీఏ అయినా నియమం దాటినవాడని అనుకోండి. ఎలాగైనా దూరంగా ఉండండి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. సీఏను మారుద్దామంటే పాతవారు ఎన్‌ఓసీ ఇవ్వనంటున్నారు. ట్యాలీ డేటా కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఫీజు ఎంత అనేది ఎప్పుడూ రాసుకోలేదు.

జవాబు: ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అన్నది వాడుక మాట. నియమం ఏమిటంటే, కొత్త సీఏ పని ఒప్పుకునేముందు పాతవారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. అది చేసి, అందినట్టు ఆధారం ఉంచుకుంటే చాలు. జవాబు రాకపోయినా మీరు బందీ కారు. ఒక అడ్డంకి మాత్రం నిజమైనది: వివాదం లేని ఆడిట్ ఫీజు బాకీ ఉంటే కొత్తవారు ఒప్పుకోకూడదు. కాబట్టి మీరు ఒప్పుకున్న బాకీ బ్యాంకు ద్వారా కట్టేయండి. ఒప్పుకోనిది ఎందుకు ఒప్పుకోరో మెయిల్‌లో రాయండి.

కంపెనీ కనుక ఇంకొంచెం పనుంది. ఆడిటర్ నియామకం మామూలుగా ఐదేళ్లకు. మధ్యలో తీసేయాలంటే ప్రభుత్వ అనుమతి, ప్రత్యేక తీర్మానం కావాలి. సులువైన దారి ఆయన రాజీనామా. ఆయన 30 రోజుల్లో రాజీనామా ఫారం ఏడీటీ-3 వేయాలి. బోర్డు 30 రోజుల్లో కొత్తవారిని నియమించి, మూడు నెలల్లో సభ్యుల సమావేశంలో ఆమోదింపజేయాలి. ఇంకోటి, కంపెనీ ఆడిటరే ఆ కంపెనీ పద్దులు రాయకూడదు. మీ ట్యాలీ ఆడిటర్ ఆఫీసులో ఉండటమే మొదటి తప్పు.

ఆడిటర్ తన తనిఖీ కోసం రాసుకున్న కాగితాలు ఆయనవి. మీ బిల్లులు, పద్దులు, డేటా మీవి. ఫీజు రాకపోతే తాను పనిచేసిన మీ కాగితాలను కొంతకాలం పట్టిపెట్టుకునే హక్కు మాత్రం ఆయనకు పరిమితంగా ఉంది. అందుకే బాకీ తేల్చడం ముందు, డేటా అడగడం తర్వాత. అడిగేటప్పుడు ట్యాలీ బ్యాకప్, మూడేళ్ల రిటర్నులు, ఆడిట్ రిపోర్టులు, నడుస్తున్న నోటీసుల జాబితా, జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం (ఎల్‌యూటీ) కాపీ అని విడిగా రాయండి. జీఎస్టీ కాగితాలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి కనుక పాతవీ వదలొద్దు.

కొత్తవారితో పని ఒప్పంద పత్రం రాసుకోండి. ఏ పనులు, ఏ తేదీలోపు మీరు కాగితాలిస్తారు, నోటీసుకు జవాబు ఫీజులో ఉందా విడిగానా, ఆఫీసులో మీ ఫైలు చూసేదెవరు, 18 శాతం జీఎస్టీ కలిపా కాకనా అన్నవి అందులో ఉండాలి. ఫీజును బిల్లుల సంఖ్య, బ్యాంకు ఖాతాలు, క్వారీ, ఫ్యాక్టరీ ఎన్నున్నాయి అన్నదాన్ని బట్టి మాట్లాడుకోండి. ఏడాదికి 50 వేలు దాటితే కంపెనీగా మీరు 10 శాతం టీడీఎస్ కోయాలి. మీ పని తెలిసినవారేనా అని చూడాలంటే, క్వారీకి ప్రభుత్వానికి కట్టే సీనరేజీ మీద రివర్స్ చార్జి జీఎస్టీ ఎవరు, ఎప్పుడు కట్టాలో అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ల నాన్న పోయాక ఒంగోలు స్థలం వాడి పేరుకొచ్చింది, అమ్మాలి. నా ఎఫ్‌డీల్లో కూడా వాడి పేరు జాయింటుగా ఉంది. అక్కడ సీపీఏ అంటారట. ఇక్కడి సీఏ చాలడా?

జవాబు: చాలరు. ఇద్దరూ కావాలి, ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

ఇక్కడి సీఏ పని: అబ్బాయి ఎన్నారై కనుక కొనేవారు దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్ కోయాలి. లాభం ఎంతో కొనేవారికి తెలియదు కాబట్టి మొత్తం ధర మీదే కోస్తానంటారు. బేరం కుదరగానే, రిజిస్ట్రేషన్‌కు ముందే, తక్కువ కోత సర్టిఫికెట్‌కు దరఖాస్తు వేయించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక దానికి అర్థం లేదు. డబ్బు ఎన్‌ఆర్‌ఓ (ఎన్నారైల ఇక్కడి ఆదాయం వేసే) ఖాతాలో పడుతుంది. అక్కడినుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. డబ్బు బయటికి పంపేటప్పుడు కావాల్సిన, ఇంతకాలం 15సీఏ, 15సీబీ అని పిలుస్తున్న కాగితాల్లో రెండోది సీఏ ఇవ్వాలి. సీపీఏ సంతకం దానికి పనికిరాదు.

అక్కడి సీపీఏ పని: అమెరికాలో పన్ను చెల్లింపుదారుగా ఉన్నవారు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. వారసత్వంగా వచ్చిన స్థలానికి అక్కడ కొన్న ధర అంటే తండ్రి పోయిన రోజు మార్కెట్ విలువ. ఇక్కడ తండ్రి కొన్న ధర. అందుకే లాభం రెండు దేశాల్లో రెండు అంకెలుగా వస్తుంది. అది తప్పు కాదు. తండ్రి మరణించిన తేదీనాటి విలువకు ఇక్కడ రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక తీసుకుని పంపండి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ ఫారం 1116 ద్వారా క్రెడిట్ అడుగుతారు. వాళ్ల ఏడాది జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. అందుకని చలానాలు, టీడీఎస్ కాగితాలు తేదీలతో సహా పంపాలి, మొత్తాలు మాత్రమే కాదు.

మీ ఎఫ్‌డీల సంగతి చాలామంది తల్లులకు తెలియదు. అబ్బాయి పేరున్న భారత ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అతను అక్కడి ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక ఇవ్వాలి. జాయింట్ ఖాతాలో డబ్బు మీదే అయినా మొత్తం విలువ లెక్కకొస్తుంది. విదేశీ సంపాదన వేసుకునే ఎన్‌ఆర్‌ఈ ఖాతా వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అక్కడ ఉంది. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లకు అక్కడ ఫారం 8621 అనే వేరే తలనొప్పి ఉంది. వాడి పేరు ఉండాల్సింది నామినీగా మాత్రమే అయితే బ్యాంకుకు వెళ్లి జాయింట్ తీయించండి. నామినీకి ఈ బాధ లేదు.

సీపీఏ లైసెన్సు ఇచ్చేది అమెరికా ప్రభుత్వం కాదు, ఒక్కో రాష్ట్రపు బోర్డు. సీపీఏ వెరిఫై అనే ఉచిత వెబ్‌సైటులో పేరు కొడితే లైసెన్సు నడుస్తోందా, చర్యలేమైనా ఉన్నాయా కనిపిస్తుంది. అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ ముందు ఏ విషయంలోనైనా వాదించగలిగేది సీపీఏలు, ఎన్‌రోల్డ్ ఏజెంట్లు, లాయర్లు. డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసిన ఎవరైనా దాని మీద సంతకం, తన గుర్తింపు నంబరు (పీటీఐఎన్) వేయాలి. "నువ్వే వేసుకున్నట్టు పెడదాం" అన్న తెలుగు అన్నయ్య ఎంత తెలిసినవాడైనా వద్దు. రిటర్న్ ఎక్కించడానికి అనుమతిచ్చే ఫారం 8879 మీద సంతకం పెట్టేముందు మొత్తం రిటర్న్ పీడీఎఫ్‌గా తెప్పించుకుని, షెడ్యూల్ బి చివర విదేశీ ఖాతాలున్నాయా అన్న ప్రశ్నకు అవును అని ఉందో లేదో అబ్బాయిని చూడమనండి. అక్కడ కాదు అని ఉంటే, భారత ఖాతాల గురించి ఆ సీపీఏ అసలు అడగనే లేదన్నమాట.